ఒమన్ అని చెప్పి చూపిన నెవాడా

ఆ పుస్తకాలు నేను కొన్నవి కావు, ఎవరూ ఇచ్చినవీ కావు. మస్కట్‌లో ఒక విల్లాకు రంగులెయ్యడానికి వెళ్లినప్పుడు చెత్తలో దొరికాయి. ఆ విల్లాలో అద్దెకున్న అమెరికా ఇంజినీరు ఉద్యోగం ముగించుకుని తన దేశం వెళ్లిపోయాడు. గోడలకు మేకులు మిగిలాయి, గేటు దగ్గర రెండు అట్టపెట్టెలు మిగిలాయి. మా ఫోర్‌మన్ వాటిని చూసి, “కచ్‌రా హై, పికప్ మే డాలో” అన్నాడు. పారేసే ముందు మూత తీసి చూడడం నాకున్న రోగం. డిగ్రీ రెండో సంవత్సరంలో ఇంగ్లీషు పేపరు దగ్గర బోల్తాపడి రంగుల బ్రష్షు పట్టినవాణ్ణి నేను. ఎక్కడ పుస్తకం కనిపించినా చెయ్యి ఆగదు.

మొత్తం పదకొండు పుస్తకాలు. పదకొండూ అమెరికాలోని ఒకే రాష్ట్రం మీద, నెవాడా మీద. ఇదేం పిచ్చిరా నాయనా అనుకున్నాను. ఒకటి అక్కడి కొండల గురించి, ఒకటి ఎండిపోయిన సరస్సుల గురించి, ఒకటి వెండి గనుల కాలం గురించి, ఇంకొకటి అందరికన్నా ముందునుంచీ ఆ నేల మీద ఉన్న జాతుల గురించి, వాళ్లు తుంగతో అల్లిన బాతు బొమ్మల గురించి. మిగిలినవి ఎక్కువగా ఫొటోల పుస్తకాలు, ఒక్కోటి సిమెంటు ఇటుకంత బరువు. ఫోర్‌మన్ అటు తిరగగానే రంగు డబ్బాల మధ్య దాచి మస్కట్ హమ్రియాలోని మా రూమ్‌కు తెచ్చుకున్నాను.

రూమ్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. అందరం జగిత్యాల, కామారెడ్డి, నిర్మల్ వైపు వాళ్లమే. పెట్టెలు విప్పగానే అందరూ మూగారు. “నెవాడా అంటే గా జూదాల ఊరున్నదే గదనే? లైట్ల ఫొటోలు లేవా?” అని ఒకడు పేజీలన్నీ తిరగేసి పెదవి విరిచాడు. మాలో పెద్దవాడు ఒక తాపీమేస్త్రీ, అందరం ఆయన్ను కాకా అని పిలిచేవాళ్లం. ఆయన అన్నం తింటూ తింటూ వచ్చి ఒక ఫొటో మీద వేలు పెట్టాడు. “అరె, గిది మన రుస్తాఖ్ తొవ్వనే గదరా! మొన్న గా మలుపు కాడనే మన బండి టైరు పలిగింది” అన్నాడు. పులుసు వేలితో పుస్తకం ముట్టుకున్నందుకు నేను ఆయన మీదికి లేచాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ పులుసు మరక ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

కానీ ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండలు, కొండకూ కొండకూ మధ్య బల్లపరుపు నేల, ఆ నేల మీద ఒంటరి రోడ్డు. పేరు చెప్పకుండా చూపిస్తే నేనూ మేం పనికి పోయే రుస్తాఖ్ వైపు అనే అనేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని ఆ పుస్తకాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి. ఆ రాష్ట్రంలో చాలా నదులు సముద్రం దాకా పోవట. కొండల్లో పుట్టి, కొంతదూరం పారి, ఉప్పునేలల్లో ఇంకిపోతాయట. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

రైలు పట్టాలు వేసిన చైనా కూలీల ఫొటో ఒకటుంది. వెనక కొండ, ముందు టోపీలు పెట్టుకున్న పదిమంది. అదే పుస్తకంలో ఒక గని యజమాని ఫొటో కింద ఆయన పేరు, ఇంటిపేరు అన్నీ రాశారు. వీళ్ల ఫొటో కింద కూలీలు అని మాత్రం రాశారు. కాక దాన్ని చాలాసేపు చూశాడు.

“ఈళ్ల ఇండ్లకు ఎవలు ఫోన్ చేసిండ్రో పాపం” అన్నాడు.

“అప్పుడు ఫోన్లెక్కడియి కాకా?”

“నాకు తెల్వదా ఏంది!” అని కసురుకుని వెళ్లి పడుకున్నాడు.

ఒక పుస్తకం చివర ఆ రాష్ట్రం పటం ఉంది. అందులో ఒక చిన్న ఊరి చుట్టూ ఆ ఇంజినీరు పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన ఇంగ్లీషులో ‘ఇల్లు’ అని రాసుకున్నాడు. ఇంత ప్రేమగా కూడబెట్టుకున్నవాటిని గేటు దగ్గర వదిలేసి ఎలా పోయాడు, మనిషేనా అని చాలా రోజులు తిట్టుకున్నాను. తర్వాత అర్థమైంది. ఇక్కడున్నన్నాళ్లూ ఆయనకు బొమ్మలు కావలసి వచ్చాయి. ఇంటికి వెళ్లేవాడికి బొమ్మలెందుకు? దాచుకోవడం దేనికి, నాకు ఆయన మీద అసూయ పుట్టింది.

ఇక మా ఫోన్ గోడ గురించి చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎవరికీ అర్థం కాదు. మా రూమ్‌లో మంచాల మీద మంచాలు, మధ్యలో ఆరేసిన లుంగీలు, మూలన స్టవ్వు, గోడలకు నూనె జిడ్డు. ఇంటికి వీడియో కాల్ చెయ్యాలంటే సిగ్గు. అందుకని ఒక విల్లాలో మిగిలిన నీలం రంగు తెచ్చి కిటికీ పక్క గోడకు నేనే వేశాను. దానికొక ప్లాస్టిక్ పూలతీగ, ముందు ఒక కుర్చీ. ఇంటికి ఫోన్ చేసేవాడు ఆ కుర్చీలోనే కూర్చోవాలి. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఫోన్ ఆ గోడ దాటి ఒక్క జానెడు కూడా తిరగకూడదు. ఇది రాయని కట్టుబాటు, కానీ దీన్ని తప్పినవాణ్ణి నేను చూడలేదు. ఒకసారి నిర్మల్ వైపు ఇద్దరి భార్యలు ఏదో పెళ్లిలో కలిసి ఫోన్లు చూసుకుంటే ఇద్దరి భర్తల వెనకా అదే గోడ కనిపించిందట. “కంపెనీ అందరికి ఒక్కతీరు క్వార్టర్లు ఇచ్చిందుల్లా” అని చెప్పుకుని సంతోషపడ్డారట. అది విని మేం పడీపడీ నవ్వాం.

నా బిడ్డ అప్పుడు మూడో తరగతి. అది పుట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, నడక నేర్చినప్పుడూ ఇక్కడే ఉన్నాను. రెండేళ్లకోసారి రెండు నెలలు వెళ్తే, మొదటి నెల నన్ను చూసి తలుపు చాటుకు పోయేది, రెండో నెల మెడ వదిలేది కాదు. అలవాటయ్యే సమయానికి నా టికెట్ తేదీ వచ్చేది. మిగిలిన కాలమంతా ఆ నీలం గోడ ముందు కూర్చున్న ముఖమే దాని తండ్రి. ఒక శుక్రవారం అడిగింది.

“బాపూ, నీ ఎనక ఎప్పుడు గా నీలం గోడనేనా? ఇంకేం లేదా ఆడ?”

“ఎందుకు లేదు బిడ్డా, మస్తున్నయి.”

“ఏమున్నయి?”

ఏమున్నాయని చెప్పను? ఒళ్లో ఆ ఫొటోల పుస్తకం తెరిచే ఉంది. “ఆగు, సూపిస్త” అని ఒక కొండ ఫొటోకు ఫోన్ అడ్డంగా పెట్టాను. కింద రాసిన అక్షరాలు పడకుండా బొటనవేలు మూశాను. “గిది మా సైట్ ఎనక గుట్ట” అన్నాను. అప్పుడు నా పని నిజంగానే రుస్తాఖ్‌లో ఉంది, సైట్ వెనక నిజంగానే అలాంటి గుట్ట ఉంది. ఇది అబద్ధమెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బిడ్డ కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. “అబ్బ! గంత పెద్దదా? నువ్వు దాని కిందనే ఉంటవా?” అంది. నా గురించి అది అంత గొప్పగా ఆశ్చర్యపోవడం అదే మొదటిసారి. ఆ ముఖం చూశాక ఇక నన్ను ఆపేవాడెవడు?

తర్వాతి శుక్రవారం అడవి గుర్రాలు. అవి గుంపులు గుంపులుగా దుమ్ము రేపుకుంటూ పరిగెత్తే ఫొటో. “గివి మా క్యాంపు ముంగటి నుంచే పోతయి” అన్నాను. ఆ తర్వాతి వారం సీసాలు పేర్చి కట్టిన గనికూలీ ఇల్లు. ఆ తర్వాత జనం విడిచిపోయిన వెండి ఊరు, తలుపుల్లేని బడి. ఆ తర్వాత వేల ఏళ్ల వయసున్న, మెలికలు తిరిగిన చెట్టు. “మధ్యాహ్నం గీ చెట్టు కిందనే సద్ది తింట” అన్నాను. ఒకరోజు మంచు కప్పిన కొండ కూడా చూపించేశాను. ఒమన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ జబల్ షమ్స్ మీద ఎప్పుడో ఓసారి మంచు పడుతుందని ఇక్కడివాళ్లు అంటారు కదా, పూర్తి అబద్ధమేం కాదులే అనుకున్నాను. మనసుకు ఒకసారి దారి దొరికాక అది ఎన్ని సాకులైనా వెతుక్కుంటుంది.

కాక మంచంలోంచి తల పైకెత్తి, “పోరికి ఒమన్ సూపెడుతున్నవా, అమెరికా సూపెడుతున్నవా?” అని ఎగతాళి చేసేవాడు. నేను ఆయన్ను ఊరుకోమని చేత్తో సైగ చేసేవాణ్ణి. మూడేళ్లు అలా గడిచాయి. బిడ్డ ఆ బొమ్మలన్నీ ఒక నోట్‌బుక్కులో గీసుకుంది. ప్రతి బొమ్మలో ఒక చిన్న మనిషిని కూడా గీసేది. పసుపు టోపీ, చేతిలో బ్రష్షు. గుర్రాల పక్కన నేను, చెట్టు కింద నేను, మంచులో నేను. వాటిని ఫోన్‌కు దగ్గరగా పెట్టి చూపించేది. ఎండలో రోజంతా గోడలు గీకి వచ్చినవాడికి తను గుర్రాల పక్కన నిలబడి ఉండడం ఎంత బాగుంటుందో మీకెలా చెప్పను. అంత అందమైన చోట నన్ను ఉంచుకున్నందుకు దాని చేతులు ముద్దు పెట్టుకోవాలనిపించేది. ఇంటికి మూడు గంటల విమాన ప్రయాణం. కానీ వెళ్లడానికి సెలవు రాదు.

ఆరో తరగతిలో ఉండగా వాళ్ల టీచరమ్మ ఒకరోజు పిల్లలను నిలబెట్టి, ఎవరి నాన్న ఏ దేశంలో ఉన్నాడో ఆ దేశం గురించి చెప్పమంది. మా వైపు ఊళ్లలో ఇలాంటి పాఠానికి కొదవలేదు, తరగతిలో సగం మంది నాన్నలు గల్ఫ్‌లోనే ఉంటారు. మా బిడ్డ నోట్‌బుక్కు పట్టుకుని ముందుకెళ్లి ఒమన్‌లో మంచు పడుతుందని, గుర్రాలు ఊళ్ల మీదుగా పరిగెడతాయని, మా బాపు వెండి గని పక్కన ఉంటాడని గడగడా చెప్పిందట. ఒమన్‌లోనే బర్కా అనే ఊళ్లో ఖర్జూర తోటల్లో పనిచేసే ఒకాయన కొడుకు లేచి, “మంచు లేదు ఏం లేదు టీచర్. మా బాపు మొన్న ఎండకు సొమ్మసిల్లి పడ్డడు” అన్నాడట. టీచరమ్మ నోట్‌బుక్కులోని మెలికల చెట్టు చూసి, ఫోన్ తీసి వెతికి, ఆ చెట్టు అమెరికాలో ఉంటుందమ్మా అని మెల్లగానే చెప్పిందట. పిల్లలు మెల్లగా ఎందుకుంటారు? ఆ రోజునుంచి మా బిడ్డకు మంచుపిల్ల అని పేరు పెట్టారు.

ఆ సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది. నేను కుర్చీలో సరిగ్గా కూర్చోక ముందే మొదలుపెట్టింది.

“పోరికి ఏం జెప్పినవ్ నువ్వు? బడి నుంచి అచ్చి పుస్తకం పొయ్యిల పెట్టవోయింది, నేను గుంజుకున్న.”

“ఊకె బొమ్మలు సూపిచ్చిన...”

“ఊకెనా? నేను గూడ నమ్మిన! గుర్రాలున్నయట, చెట్టు నీడకు తింటుండట అని నిమ్మలపడ్డ. పదేండ్ల సంది నాకు గా గోడ తప్ప ఏం ఎరుక? ఇగ నువ్వు జెప్పింది ఏది నమ్మాలె నేను?”

ఫోన్ బిడ్డకివ్వమంటే అది రాదని చెప్పి పెట్టేసింది.

తర్వాతి శుక్రవారం బిడ్డ ఫోన్ దగ్గరికి రాలేదు. ఆపై శుక్రవారమూ రాలేదు. వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు, దాని చెప్పుల చప్పుడు వినిపించేవి. “బిడ్డా” అని పిలిస్తే చప్పుళ్లు ఆగిపోయేవి. సంజాయిషీ మాటలు రికార్డు చేసి పంపుదామని కూర్చుని, రికార్డు చేసి, విని, చెరిపేసేవాణ్ణి. ఎలా చెప్పినా ఇంకో అబద్ధంలాగే వినిపించింది. ఐదు శుక్రవారాలు అలా పోయాయి. నాకు సెలవు ఇంకా పదకొండు నెలల దూరంలో ఉంది. ఈసారి నేను వెళ్లేసరికి అది తలుపు చాటునుంచి కూడా చూడదేమోనన్న భయం పట్టుకుంది. ఇంతకాలం దూరంగా ఉన్నాను, అది తట్టుకున్నాను. బిడ్డ నన్ను అబద్ధాలవాడిగా గుర్తుపెట్టుకుంటే మాత్రం బతకలేననిపించింది. పుస్తకాలన్నీ మంచం కిందికి తోసేశాను. పాపం అవేం చేశాయి?

ఒక రాత్రి అన్నాల దగ్గర కాకతో అన్నాను, “రూమ్ సూపిస్త కాకా. ఉన్నదున్నట్టు.”

ఆయన కంటే ముందు మిగతావాళ్లు లేచారు. “నీకు దిమాక్ ఉన్నదా? నీ బిడ్డ సూస్తె ఊరంత సూసినట్టే. మా ఇంటోళ్లకు తెల్వదా? మా ఇజ్జత్ ఏంగావాలె?” అని ఒకడు కంచం పక్కన పెట్టేశాడు. వాడు చెప్పింది తప్పు కాదు. వాడి భార్య కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, కంపెనీ క్వార్టర్‌లో ఉన్నాడనే అనుకుంటోంది. అయినా నేను ఊరుకోలేదు. “నా బిడ్డ నాతోని మాట్లాడుతలేదురా, నీ ఇజ్జత్ నేనేం జేసుకోవాలె!” అని అరిచాను. అరిచానో ఏడ్చానో నాకే తెలియదు. అందరూ తలలు దించుకున్నారు.

కాక చేతులు కడుక్కొచ్చి, “సూపియ్యనీ. మనం దొంగతనం జేసి బతుకుతున్నమా? పని జేసుకుంటున్నం. సూస్తె ఏమైతది” అన్నాడు.

శుక్రవారం పొద్దున లేచి చూస్తే రూమ్ ఊడుస్తున్నారు. ఒకడు లుంగీలన్నీ మడతపెట్టేస్తున్నాడు, ఒకడు స్టవ్వు తుడుస్తున్నాడు. ఆ రాత్రి నన్ను తిట్టినవాడు బకెట్లు తలుపు వెనక దాస్తున్నాడు. “మీకు దండం పెడత, ఏదెక్కడున్నదో ఆడనే ఉండనీండ్రి!” అని కేకలేశాను. మడతపెట్టిన లుంగీలు మళ్లీ తాడు మీద ఆరేయించాను. ఇలాంటి పని చేసిన మనిషిని వాళ్లు చూసి ఉండరు, వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు.

నా భార్యకు ఫోన్ చేశాను. “దాన్ని మాట్లాడుమని జెప్పకు. ఊకె సూడుమను. నేను రూమ్ సూపిస్త” అన్నాను. అటువైపు ఏవో గుసగుసలు, తర్వాత బిడ్డ ముఖం. చిక్కిపోయినట్టు అనిపించింది. ఐదు వారాలకే ఇంత మారుతుందా మనిషి అనుకున్నాను. అది నావైపు చూడలేదు, పక్కకు చూస్తోంది.

నేను కుర్చీలోంచి లేచి ఫోన్ తిప్పాను. “గివి మా మంచాలు. పైనొకలు, కిందొకలు పంటం. గిది స్టవ్వు, వంతులేసుకుని వండుతం. గీయన కాక.” కాక బనీను మీదే ఉన్నాడు, చెయ్యెత్తి, “బాగున్నవా బిడ్డా, మీ బాపుకు కోపం జెర్ర ఎక్కువ, ఇంట్ల గూడ గట్లనేనా?” అన్నాడు. అది నవ్వలేదు. బాత్‌రూమ్ ముందు బకెట్ల వరస చూపించాను. కిటికీ తెరిచి కింద సందు, ఎదురుగా బట్టలారేసిన మేడలు, వాటి పైన గోధుమరంగు కొండ ముక్క చూపించాను. మంచం కిందినుంచి పుస్తకాలు లాగి, “గివే ఆ పుస్తకాలు. ఇవి నెవాడా అని వేరే రాజ్యానియి. నేను గాడికి ఎన్నడు పోలేదు, పోను గూడ. నీకు మంచిగ కొడుతదని సూపిచ్చిన. తప్పయింది బిడ్డా” అన్నాను.

ఫోన్ కట్టయిందేమో అని చూశాను. కట్ కాలేదు. అది చూస్తూనే ఉంది. కోపంగా లేదు, ముఖం అదోలా ఉంది.

“బాపూ” అంది.

“చెప్పు బిడ్డా.”

“నేను రోజు పండుకునేటప్పుడు కండ్లు మూసుకుని నువ్వు ఏడున్నవో అనుకుంటుంటి. గా చెట్టు కాడ ఉన్నవనుకుంటుంటి. గుర్రాల కాడ ఉన్నవనుకుంటుంటి. గాడ అనుకుంటనే ఏడ్సుకుంటుంటి.” ఫోన్ దగ్గరికి జరుపుకుంది. “నువ్వు గాడ లేకపోతివి. గిన్ని దినాలు నువ్వు లేని కాడ నిన్ను చూసుకున్న.”

నేను దాన్ని తలుచుకున్నప్పుడు ఏ గదిలో ఉందో, ఏ పక్క తిరిగి పడుకుందో, దుప్పటి ఏ రంగుదో నాకు తెలుసు. దానికి ఆపాటి కూడా ఇవ్వలేదు నేను. మూడేళ్లపాటు నా బిడ్డ నా కోసం పెట్టుకున్న బెంగంతా నేను కాలుపెట్టని రాష్ట్రానికి పంపించాను.

“ఇగ ఏడ అనుకోవాలె?” అని అడిగింది.

“గీడనే బిడ్డా.”

“నీ మంచం ఏది?”

చూపించాను. కిటికీ వైపు కింది మంచం, నలిగిన దుప్పటి, తలగడ పక్కన నీళ్ల సీసా.

“తల ఎటు దిక్కు పెడతవు?”

“గీ గోడ దిక్కు.”

“నువ్వు పక్కకు జరుగు. మంచం ఒక్కటే కనబడాలె” అంది.

నేను జరిగి, చెయ్యి చాపి ఫోన్ మంచానికి ఎదురుగా పట్టుకున్నాను. అటునుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. రూమ్‌లో ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి నా చెయ్యి లాగడం మొదలుపెట్టింది.

“అయిందా బిడ్డా?” అన్నాను.

“ఇంకా కాలే. యాదికుండాలె గద” అంది.